కొండల్ వెబ్‌సైటుకు చదివింపులు

మిర్యాలగూడ రైసుమిల్లు గుమస్తా కొండల్ నడిపిన వెబ్‌సైటును రోజుకు పదివేల మంది చదివేవారు. తక్కువ చెప్పానేమో గాని ఎక్కువ చెప్పలేదు. పాలకీడు నుంచి మఠంపల్లి దాకా ఏ రైతు పొలంలో ఆకు పసుపు రంగుకు తిరిగినా, ముందు ఆ వెబ్‌సైటు తెరిచి చూసి, ఆ తర్వాతే మందు కొట్టేవాడు. దాని పేరు 'వరి డాక్టర్'. డాక్టరుకు గుంటెడు పొలం లేదు. మిల్లుకు వచ్చిన ధాన్యాన్ని కాటా మీద తూచి చీటీ రాయడం అతని ఉద్యోగం. అయినా ఇరవై ఏళ్లు ధాన్యం పక్కన కూర్చున్నవాడికి ధాన్యం గురించి నాలుగు ముక్కలు రాకుండా ఉంటాయా?

ఆ ఆదివారం పొద్దున కొండల్ పథకం చాలా చిన్నది. సూర్యాపేటలో భార్య మేనమామ మనవరాలు రమ్య ఓణీల ఫంక్షనుకు వెళ్లాలి, భోజనం చేయాలి, సాయంత్రానికి తిరిగి రావాలి. ఈలోగా ఫోనులో ఒక అంకె వంద దాటాలి. అంతే.

ఆ అంకె తొంభై ఆరు డాలర్ల నలభై సెంట్ల దగ్గర నిలబడి ఉంది. వంద నిండితే గాని ప్రకటనల కంపెనీ డబ్బును బ్యాంకులో వేయదు. పద్నాలుగు నెలలుగా చీమలు పుట్ట పెట్టినట్టు పెరిగిన అంకె అది. కొండల్ పళ్లు తోముకోకముందే దాన్ని తొమ్మిదిసార్లు చూశాడు. తోముకుంటూ రెండుసార్లు చూశాడు. నురగ ఫోను మీద పడింది గాని అంకె కదలలేదు.

"ఏందయ్యా, పొయ్యి మీద పాలు సూడమంటే ఫోన్ల పైసలు సూస్తున్నవ్" అంది భార్య ఉషారాణి. "పాలు పొంగినయ్. నీ డాలర్లే పొంగుత లేవు."

"ఇంక మూడు డాలర్ల అరవై సెంట్లు. గంతే ఉషా. ఇయ్యాల నిండుతది సూడు."

"నిండితే ఏమైతది?"

"ఏమైతదో పొద్దుమీకి చెప్త."

పొద్దుమీకి చెప్పాల్సింది అతని చొక్కా జేబులో అప్పటికే నాలుగు మడతలు పడి ఉంది. అది రాజీనామా కాగితం. నిన్న శనివారం కాటా దగ్గర నలభై మంది హమాలీల ముందు మిల్లు యజమాని జవహర్ సేటు అన్న మాటకు అది జవాబు. "గుమస్తా పని జేస్తున్నవా, ఫోను గోకుతున్నవా? గీ గోకుడేదో బర్రెను గోకితే పాలన్న ఇచ్చేది" అన్నాడు సేటు. హమాలీలు నవ్వారు. సేటు తిట్టింది కొండల్ మరిచిపోయేవాడే, హమాలీలు నవ్వడమే మరపురాలేదు. రాత్రంతా దొర్లి, తెల్లవారుజామున కాగితం రాశాడు: 'నా సొంత వ్యాపారం వృద్ధిలోకి వచ్చినందున, తమరి కొలువు మానుకొనుచున్నాను.' ఇంటి కిరాయి, పిల్ల ఫీజు, ఉప్పు, పప్పు అన్నీ ఆ కొలువు మీదే నడుస్తున్నాయి. ఆ సంగతి తెలిసిన ఉషారాణికి ఈ కాగితం సంగతి తెలియదు.

సీజనులో మిల్లుకు ఆదివారం ఉండదు. ఏడు గంటలకు కొండల్ మిల్లుకు వెళ్లాడు. సేటు ఇంకా రాలేదు. కాగితాన్ని బల్ల మీద గాజు బిళ్ల కింద పెట్టాడు. గేటు దాటేదాకా రాజులా నడిచాడు. గేటు దాటాక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఇక చేసేదేమీ లేక ఫోను చూసుకున్నాడు. తొంభై ఆరు నలభై.

ఈ వెబ్‌సైటు అతనికి పెట్టించింది కోదాడలో కంప్యూటర్ సెంటరు నడిపే మురళీధర్. అటు ఆంధ్రా గాలి, ఇటు మన గాలి రెండూ తగిలిన మనిషి కనుక మాట మెత్తగా ఉంటుంది. "చూడండి కొండల్ గారూ, మీరు దోమపోటు గురించి రాశారనుకోండి, దాని పక్కనే దోమపోటు మందు ప్రకటన వచ్చి కూర్చుంటది. చదివినోడికి అవసరం ఉండి దాన్ని నొక్కితే, మందు కంపెనీ డబ్బులిస్తది, అందులో మీకు కొంత వాటా. మీరేం అమ్మక్కర్లేదు. కానీ ఒక్కటి. మీరు నొక్కకూడదు, నొక్కమని ఎవరికీ చెప్పకూడదు. తెలిసిందంటే ఖాతా పీకేస్తారండోయ్" అని మొదటి రోజే చెప్పాడు.

కొండల్ ఆ నియమాన్ని ఏకాదశి ఉపవాసం కంటే నిష్ఠగా పాటించాడు. చిక్కల్లా ప్రకటనలతోనే వచ్చింది. కంపెనీ వారి యంత్రానికి తెలుగు వచ్చు గాని వ్యవసాయం రాదు. వరికి మెడవిరుపు తెగులు గురించి రాస్తే పక్కన మెడనొప్పి దవాఖాన ప్రకటన వచ్చింది. విత్తన వరిలో ఆడ వరుసల పక్కన మగ వరుసలు ఎట్లా నాటాలో రాస్తే పెళ్లి సంబంధాల కంపెనీ వచ్చింది. మడి చదును చేయడం గురించి రాస్తే 'మీ భూమి మాకివ్వండి, ప్లాట్లు చేసి అమ్మిపెడతాం' అని ఇంకొకటి వచ్చింది. పంట రుణం అన్న మాట ఎక్కడ కనబడినా చేతి అప్పుల కంపెనీలు నాలుగు వాలేవి.

అన్నట్టు, ఇందాక పదివేల మంది అన్నాను. పదివేలు కాదు, నలభై ఇద్దరు. అందులో పదకొండు సార్లు కొండలే. అచ్చు తప్పులు చూసుకోవడానికి తెరిచేవాడు. మూడుసార్లు మురళీధర్. మిగిలిన వాళ్లలో వరి పండించేవారు ఎందరో, దారి తప్పి వచ్చినవారు ఎందరో ఆ భగవంతుడికే తెలియాలి. అయినా అన్నం తినేవాళ్లందరికీ వరి గురించి తెలియాలి గనుక, నేను చెప్పిన పదివేలు నిజానికి తక్కువే.

సూర్యాపేట ఫంక్షను హాలులో పన్నెండున్నరకే నాలుగు వందల మంది చేరారు. లంగాఓణీలో రమ్య పూలబొమ్మలా కూర్చుంది. పక్కన బల్ల వేసి నోటుబుక్కు తెరిచారు. మన దగ్గర చదివింపులంటే గుట్టుగా కవరు చేతిలో పెట్టి జారుకోవడం కాదు. పేరు, ఊరు, ఎంత, మూడూ పుస్తకంలో ఎక్కాలి, మైకులో వినబడాలి. "పాలకీడు కాటమ్మ, ఐదు వందల పదహార్లు!" అంటే కాటమ్మ తల కొంచెం పైకి లేవాలి. రేపు ఆమె ఇంట్లో శుభకార్యమైతే వీళ్లు అదే పుస్తకం తిరగేసి, అంతకు తగ్గకుండా చదివించాలి.

మైకు పట్టినవాడు లింగస్వామి. రమ్యకు తాత, ఉషారాణికి మేనమామ. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మైకు లేకపోయినా చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆయనది, ఆ రోజు మైకు కూడా దొరికింది. గొంతు తడుపుకుందామని వచ్చిన లింగస్వామికి, చేతులు కడిగే నల్లాల దగ్గర ఫోనులో ముఖం పెట్టి నిలబడ్డ కొండల్ కనిపించాడు.

"ఏం అల్లుడా, కూర కారమైందా? మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు మామా. నాలుగు డాలర్లు తక్కువ పడ్డయ్."

"ఎవలకు ఇయ్యాలె? నేనిస్త."

"ఇచ్చుడు కాదు మామా, వచ్చుడు. మన వెబ్‌సైటుల ప్రకటన ఎవలన్న నొక్కితే వస్తయ్." కొండల్ నాలుక కరుచుకున్నాడు గాని మాట అప్పటికే బయటికి వచ్చేసింది.

"నొక్కితే పైసలొస్తయా? నొక్కెటోనికి ఏమన్న ఖర్చా?"

"ఖర్చేం లేదు గని, మనోళ్లు నొక్కొద్దు మామా. తప్పయితది."

"మనోళ్లు నొక్కకపోతే పరాయోళ్లు నొక్కుతరా? నువ్వు ఊకో. నీ పెండ్లిల గూడ గడియారం వద్దు వద్దన్నవ్. పెట్టినంక మూడు దినాలు చెయ్యి కిందికి దించలే."

కొండల్ రెండు చేతులు అడ్డం పెట్టేలోపే లింగస్వామి మైకు దగ్గరికి చేరుకున్నాడు. "అందరు ఇనాలె! మన ఉషారాణి పెనిమిటి, మన అల్లుడు కొండలు, ఫోన్ల దుకాణం తెరిసిండు. పేరు వరి డాక్టర్! మన పిల్ల మొగడు దుకాణం తెరిస్తే బోణీ చెయ్యకుంట ఎట్ల పోతం? బువ్వ తిన్నోళ్లు తిన్నట్టే ఫోన్లు తియ్యిండ్రి. దుకాణం తెరువుండ్రి. పక్కపొంటి బొమ్మలుంటయ్, నొక్కుండ్రి. రూపాయి ఖర్చు లేదు!"

కొండల్ పరుగెత్తుకెళ్లి మైకు లాక్కున్నాడు. "వద్దు! మీకు దండం పెడ్త, ఎవలు నొక్కొద్దు! నాకేం వద్దు!"

అక్కడే కొంప మునిగింది. చదివింపుల దగ్గర ఇల్లుగలవాడు 'ఎందుకండీ ఇవన్నీ' అనడం మన మర్యాద. ఒకసారి వద్దంటే మామూలు మనిషి, రెండుసార్లు వద్దంటే పద్ధతి గలవాడు, దండం పెట్టి వద్దన్నాడంటే ఇక అంత నిగర్వి ఆ వంశంలో ఇంకొకడు లేడన్నమాట. అప్పటిదాకా బద్ధకించి కూర్చున్నవాళ్లు కూడా ఫోన్లు తీశారు.

"పిల్లగాడు ఎంత మంచోడో సూడు, కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటుండు" అంది ఒకావిడ.

"గందుకే నేను రెండు నొక్కిన" అంది పక్కావిడ.

నొక్కితే ఏదో ఒక కాగితంలాంటిది తెరుచుకునేది. మీ పేరు, మీ ఊరు, మీ ఫోను నంబరు, ఆ కింద ఇంకో ఖాళీ గడి. ఆ కాగితాన్ని హాలులో అందరూ చూడగానే గుర్తుపట్టారు. అది చదివింపుల పుస్తకం! పేరు రాశారు, ఊరు రాశారు. మూడో గడిలో ఏమడిగారో చదవవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. చదివింపుల పుస్తకంలో మూడో గడి ఎప్పుడైనా ఒకటే కదా. అప్పుల కంపెనీ 'ఎంత అప్పు కావాలి' అన్నచోట మఠంపల్లి వాళ్లు వెయ్యిన్నూట పదహార్లు రాశారు. దవాఖాన 'మెడనొప్పి ఎన్ని రోజుల నుంచి' అన్నచోట నేరేడుచర్ల వాళ్లు మూకుమ్మడిగా నూటపదహార్లు రాశారు, లింగస్వామి వాళ్లతో శ్రుతి కలిపాడు. ఆయన అక్క కాటమ్మకు డెబ్బై నాలుగేళ్లు, ఆమె దగ్గరున్నది బొత్తాల ఫోను. రమ్య ఫోను అడిగి తీసుకుని, పూలదండల బొమ్మ అందంగా ఉందని పెళ్లి సంబంధాల కంపెనీని నొక్కి, తన పేరు, తన నంబరు, ఐదు వందల పదహార్లు చెప్పి రాయించింది.

సరిగ్గా అప్పుడు జవహర్ సేటు హాలులోకి వచ్చాడు. లింగస్వామి ధాన్యం ఏటా ఆ మిల్లుకే పోతుంది గనుక పిలుపు అందింది. కొండల్ సేటు ముఖం వైపు చూశాడు. కాగితం చూశాడా, చూడలేదా?

"ఏం కొండల్, నాకు చెప్పకుంటనే దుకాణం తెరిసినవ్?" అని నవ్వాడు సేటు. చూడలేదు. ఇంటి నుంచి తిన్నగా ఇటే వచ్చాడు.

రమ్య చేతిలో కవరు పెట్టి, సేటు కూడా ఫోను తీశాడు. నలుగురూ చూస్తుండగా భూమి బొమ్మను నొక్కి, కళ్లద్దాలు పైకి తోసి, గట్టిగా చదువుతూ రాశాడు. "జవహర్, రైసుమిల్లు, మిర్యాలగూడ. ఐదువేల నూటపదహార్లు!" హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ గడిలో అడిగింది 'మీ స్థలం ఎన్ని గజాలు' అని.

కొండల్ ఫోనులో అంకె ఇప్పుడు ఆగడం లేదు. నూట పది. నూట అరవై. రెండు వందల ముప్ఫై. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఉషారాణి తనంతట తానే వచ్చి ఆ ఫోనులోకి తొంగి చూసింది. "ఏమయ్యా, ఇవి నిజంగనే పైసలా?" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. కొండల్ ఛాతీ అతని ప్రమేయం లేకుండానే రెండంగుళాలు పెరిగింది. మురళీధర్ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. కాని కంపెనీవాడు మాత్రం మనిషి కాడా, వాడింట్లో ఫంక్షన్లు అవ్వవా అనుకున్నాడు. ఆ తర్వాత వద్దనడం మానేశాడు.

సాయంత్రం తిరుగుబస్సు నేరేడుచర్లలో ఆగినప్పుడు అంకె మూడు వందల నలభై నాలుగు. బస్సు కదిలేసరికి సున్నా. కింద నాలుగు పంక్తుల ఉత్తరం. మీ పేజీలలో అసహజమైన నొక్కులు గమనించాము, మీ ఖాతాను శాశ్వతంగా మూసివేశాము, ఇప్పటివరకు వచ్చినది ప్రకటనదారులకు తిరిగి ఇచ్చివేస్తాము.

"ఏమైంది? గట్ల బిగుసుకపోయినవ్?" అంది ఉషారాణి.

"సిగ్నల్ పోయింది" అన్నాడు కొండల్.

బస్టాండులో దిగగానే ఆమెను ఆటో ఎక్కించి, స్తంభం చాటుకు వెళ్లి మురళీధర్‌కు ఫోను చేశాడు. అతను అంతా విన్నాడు.

"నాలుగు వందల మందా? ఒకే హాల్లోనా? మీరు ఆపలేదా అండీ?"

"ఆపిన. ఆపినకొద్ది నొక్కిండ్రు."

"ఏమని ఆపారు?"

"వద్దన్న."

"చదివింపుల కాడ వద్దంటే ఎవరైనా ఆగుతారేంటండీ!" అని మురళీధర్ తల కొట్టుకున్న చప్పుడు కోదాడ నుంచి స్పష్టంగా వినిపించింది.

కొండల్‌కు ఆ రాత్రి నిద్ర ఎట్లా పట్టిందో అడగకండి. డాలర్లు పోతే పోయాయి, బల్ల మీద కాగితం ఉంది. సేటు మిల్లుకు వచ్చేది ఎనిమిదిన్నరకు. ఎనిమిదికే వెళ్లి దాన్ని జేబులో వేసుకుంటే లోకంలో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క ఆశ మీద తెల్లవారింది.

తెల్లవారడంతోనే ఫోను మొదలైంది. మొదట లింగస్వామి.

"అల్లుడా, మెడ దవాఖానోళ్లు ఫోన్ జేసిండ్రు. నూటపదహారు దినాల సంది నొప్పంటే ఆపరేషనే దిక్కంటున్నరు. నిన్నటి దాంక లేదు గని, ఆళ్లు చెప్పినకాంచి మెడ తిరుగుత లేదు!"

తర్వాత మఠంపల్లి నుంచి ఒకాయన. వెయ్యిన్నూట పదహార్ల అప్పు మంజూరైందట, ఇద్దరు జామీనుదారులను తీసుకురమ్మన్నారట. తర్వాత కాటమ్మ.

"బిడ్డా, ఎవడో నాకు పెండ్లి జేస్తనంటున్నడు. డెబ్బై నాలుగేండ్లురా అయ్యా అంటే, ఫరవాలేదమ్మా మాకాడ అన్ని ఈడులోళ్లు ఉన్నరంటుండు."

"నువ్వేమన్నవ్ అత్తా?"

"ఏమంట? ముందుగాల ఫోటో తెమ్మన్న."

కొండల్ ఫోనును జేబులో కుక్కి సైకిలు తీశాడు. జేబులో అది తేనెతుట్టెలా మోగుతూనే ఉంది. మిల్లు సందు మలుపు తిరగగానే బ్రేకు వేశాడు. ధాన్యం ట్రాక్టర్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఒక్క బస్తా దిగడం లేదు. నలభై మంది హమాలీలు గేటుకు అడ్డంగా తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు. సాగర్ వైపు నుంచి నల్లటి మబ్బు లేస్తోంది. కోసిన వడ్లు ట్రాక్టరు మీదే తడిస్తే మొలకెత్తుతాయి. రైతులు మబ్బును, హమాలీలను మార్చి మార్చి చూస్తున్నారు. లోపల ప్లాట్ల కంపెనీ తెల్లచొక్కాల కుర్రాళ్లిద్దరు టేపు పట్టుకుని నేల కొలుస్తున్నారు. అప్పటికే కాటా మీదుగా సున్నంతో గీత గీసి, 'ముప్ఫై అడుగుల రోడ్డు' అని రాశారు. బాయిలరు ఉన్నచోట పిల్లల పార్కు వస్తుందట.

సేటు సంగతి మరిచి, కొండల్ ముందు ఆఫీసు గదిలోకి దూరాడు. గాజు బిళ్ల ఉంది. కాగితం లేదు.

బయట దాన్ని ఎత్తి పట్టుకుని ఉన్నాడు హమాలీల పెద్ద యాదగిరి. ముందటి సాయంత్రం చీటీలు బల్ల మీద పెట్టబోయి చూశాడట. "ఇగో, వచ్చిండు గుమస్తా సారు! మిల్లు కూలగొట్టి ప్లాట్లు జేస్తున్నరని నీకు ముందుగాలనే ఎర్క. నువ్వు దుంకినవ్. మాకొక్క మాట చెప్పొద్దా సారూ? ఇరవై ఏండ్లు కల్సి చాయ్ తాగినం!"

"ప్లాట్లేంది యాదగిరీ? నాకేం తెల్వదు!"

"తెల్వదా? మరి గిదేంది? 'నా సొంత వ్యాపారం వృద్ధిలోకి వచ్చినందున'. ఏం వ్యాపారం సారూ? ప్లాట్లల్ల నీకెంత వాటా?"

నలభై మంది ఒక్కసారి గొణిగారు. రెండు రోజుల క్రితం నవ్విన ముఖాలే. ఇప్పుడు వాటిలో నవ్వు లేదు. మిల్లు పోతే వాళ్ల పొయ్యిలు ఆరిపోతాయి. తన అతిశయానికి రాసుకున్న ఒక్క వాక్యం నలభై ఇళ్లలో అంత భయం పెట్టిందని కొండల్‌కు అప్పుడు తెలిసింది.

అప్పుడే సేటు కారు దిగాడు. కొండల్ చేతులు జోడించి, కాళ్ల మీద పడదామని నడుము వంచాడు. సగం వంగేసరికి సేటే అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కొండల్, నీ కాళ్లు మొక్కుత. శనివారం ఏమన్న అంటే అన్న. పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు, మిల్లు అమ్ముతున్నవటగా అని. నేనెప్పుడమ్మిన? నువ్వు జెప్తే ఇంటరు, జర ఈళ్లకు చెప్పు!"

వంగినవాడు అట్లాగే నిలబడిపోయాడు. కొలువు అడుక్కుందామని వచ్చినవాడిని కొలువిచ్చినవాడే అడుక్కుంటున్నాడు. ఇంకొకడైతే ఆ అదను చూసుకుని బిగుసుకునేవాడు. కొండల్ మాత్రం యాదగిరి ముఖం వైపు చూశాడు. కాటా ఎక్కి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాడు. నొక్కితే వచ్చే పైసలు, తొంభై ఆరు డాలర్లు, చదివింపులు, భూమి బొమ్మ, గజాల గడి, చివరికి సున్నా. "నేను పెద్ద వ్యాపారస్తుణ్నని గీ కాయితం రాసిన. నా దుకాణానికి దినాం వచ్చేటోళ్లు నలభై ఇద్దరు. పైసలొచ్చే ఖాత గూడ నిన్న మూసేసిండ్రు. నా తానేం లేదు యాదగిరీ. గీ కాటనే ఉన్నది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. యాదగిరి కాగితాన్ని ఇంకోసారి తిరగేశాడు.

"నీ ముచ్చట నిజమనే అనుకుందం సారూ. నువ్వు గట్లాంటి పని జేస్తవ్. గని ఒక్క కాడ అతుకుత లేదు. సేటు ఐదువేల నూటపదహార్లు సదివించిండంటవా?"

"నా కండ్ల ముందర!"

"మా బిడ్డ పెండ్లికి సేటు నూటపదహార్లు సదివించిండు. గందుల వందనోటు చినిగిపోయిందే. సేటు ఐదువేలు సదివించిండంటే మా ఇంటి బర్రె గూడ నమ్మది. ఇది ప్లాట్ల లెక్కనే!"

"అవ్ అవ్" అన్నారు నలభై మంది. ట్రాక్టర్ల మీద రైతులు కూడా తలలూపారు. నిజానికి కొండల్‌కు కూడా అది నమ్మశక్యంగా లేదు.

మొదటి చినుకు టపీమని ముందున్న ట్రాక్టరు పట్టా మీద పడింది. అందరి చూపూ సేటు మీద పడింది. పరువు కాపాడుకోవాలా, వడ్లు కాపాడుకోవాలా? సేటు ముఖం పొయ్యి మీద అప్పడంలా ఎన్ని వంకరలు పోవాలో అన్నీ పోయింది. ఇంకో చినుకు పడింది.

"అరే, ఫోన్ల రాసుడే గదరా!" అని అరిచాడు సేటు. "జేబులకెల్లి పోయేది ఒక్క పైస లేదని కరారు జేసుకున్నంకనే రాసిన! పోయేది ఉంటే నేను నూటపదహారు దాటుదునా?"

ముందు యాదగిరి నవ్వాడు, ఆ వెనక నలభై మంది నవ్వారు. రైతులు స్టీరింగుల మీద పడి నవ్వారు. టేపు పట్టుకున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. ఇన్నేళ్లలో సేటు చెప్పిన ఏ మాటనూ హమాలీలు ఇంత తొందరగా నమ్మలేదు. వాన భోరున అందుకుంది. తువ్వాళ్లు తలకు చుట్టుకుని నలభై మందీ ట్రాక్టర్ల మీదికి ఉరికారు. ఒక్క గింజ మొలకెత్తకుండా మొత్తం షెడ్డులోకి చేరింది. ముప్ఫై అడుగుల రోడ్డు వానకు కొట్టుకుపోయింది.

రాజీనామా కాగితాన్ని యాదగిరి సేటుకు ఇవ్వలేదు. కొండల్ చేతికే ఇచ్చాడు. "మా ముందర సింపు సారూ" అన్నాడు. కొండల్ ఎనిమిది ముక్కలు చేశాడు.

సంగతంతా మధ్యాహ్నానికే లింగస్వామి గొంతు ద్వారా ఉషారాణికి చేరింది. అన్నం వడ్డిస్తూ ఒక్కటే అడిగింది. "నౌకరి ఇడిసిపెడుతున్నవని నాకెందుకు చెప్పలే?"

"నువ్వు వద్దంటవని."

"మీ ఇంట మా ఇంట, వద్దంటే ఆగినోడు ఎవడన్న ఉన్నడా?" అని ఇంకో గరిటె పప్పు వేసింది.

మెడకు ఆపరేషను లేకుండానే లింగస్వామి నొప్పి నాలుగో రోజుకు పోయింది. కాటమ్మకు ఫోటో వచ్చింది. మీసాలు బాగాలేవని తిప్పి పంపింది. కొండల్‌కు మాత్రం కొత్త ఇబ్బంది వచ్చిపడింది. అతను ఒక పూట సెలవు పెడితే చాలు, మిల్లు అమ్మేస్తున్నారని హమాలీలు గేటు దగ్గర తువ్వాళ్లు పరుస్తున్నారు. మానుకుందామనుకున్న కొలువు ఇప్పుడు మానుకుందామన్నా మానేట్టు లేదు. కుర్చీలోంచి లేవకుండా ఉండటానికి సేటు నెలకు రెండువేలు పెంచాడు. వెబ్‌సైటు పద్నాలుగు నెలల్లో ఇవ్వనిది ఊరికే కూర్చోవడం ఇస్తోంది.

ఇంత చెప్పాక ఇక దాచడం దేనికి, ఇందులో నేను కల్పించింది ఒక్క వాన. ఆ రోజు మబ్బు వచ్చిన దారినే పోయింది. హమాలీలు కడుపారా నవ్వారు గాని లేవలేదు. సేటు సొంత డబ్బుతో నలభై మందికి చాయ్ తెప్పించాకే లేచారు. అది రాస్తే మిర్యాలగూడలో ఒక్కడూ నమ్మడని వాన కురిపించాను.